ముందు తిత్తి, తర్వాత మెట్లు

సారపాక పిల్లలకు అట్ట కొత్త కాదు. భద్రాచలంలో బస్సెక్కి గోదావరి వంతెన దాటితే వచ్చే ఈ ఊరికి కాగితపు మిల్లే పెద్ద గుర్తు. భద్రాచలం పేపర్ బోర్డ్స్ పేరుతో 1970ల చివర పని మొదలుపెట్టి, తర్వాత ఐటీసీలో కలిసిన ఆ మిల్లులో కర్ర గుజ్జవుతుంది, గుజ్జు కాగితమూ అట్టా అవుతుంది. అలాంటి ఊళ్లో ఏడేళ్ల పిల్లకు అకార్డియన్ అంటే ఏమిటో చెప్పాలంటే సరిగమలతో మొదలుపెట్టక్కర్లేదు. ఒక అట్టముక్క చాలు.

జానెడు వెడల్పు, మూరెడు పొడవు ఉన్న పల్చటి అట్ట తీసుకుని ఒక మడత ముందుకు, మరో మడత వెనక్కు వేసుకుంటూ పోవాలి. చివరిదాకా మడిచాక రెండు కొసలూ పట్టుకుని లాగితే సాగుతుంది, నొక్కితే దగ్గరపడుతుంది. అకార్డియన్ నడుమున ఉండే తిత్తి ఇదే. గట్టి అట్టను ఇలాగే మడతలు పెట్టి, గుడ్డ అతికించి, లోపలి మూలల్లో పల్చటి తోలు వేసి, బయటి మూలలకు రేకు తొడుగులు బిగిస్తారు. లోపలి గాలి ఎటూ కారిపోకూడదు. పెద్ద కళాకారుల ఇటలీ వాయిద్యంలోనైనా, చిన్నపిల్లల పెట్టెలోనైనా ప్రాణం ఈ మడతల్లోనే ఉంటుంది. అందుకే పిల్లకు అకార్డియన్ నేర్పడమంటే ముందు తిత్తిని నేర్పడం. మెట్ల మీద వేళ్లు నడవడం ఆ తర్వాతి సంగతి.

గడ్డిపరక నుంచి ఉక్కు నాలుక దాకా

రెండు బొటనవేళ్ల మధ్య గడ్డిపరకను బిగించి ఊదితే కీచుమని శబ్దం వస్తుంది. పల్లెటూరి పిల్లలకు ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య ఇది. సన్నటి సందులోంచి గాలి దూసుకుపోతూ గడ్డిపరకను వణికిస్తుంది, ఆ వణుకే చెవికి శబ్దంగా వినిపిస్తుంది. అకార్డియన్ లోపల గడ్డిపరకకు బదులు ఉక్కు నాలుకలుంటాయి. వాటినే రీడ్లంటారు. చిన్న లోహపు పలక మీద సన్నటి గాడి, ఆ గాడి మీద ఒక కొస మాత్రమే బిగించిన నాలుక. తిత్తి కదిలినప్పుడు గాలి ఆ గాడిలోంచి పోతుంది, నాలుక ఆడుతుంది. పొడుగు నాలుక మెల్లగా ఆడి మంద్రంగా పలుకుతుంది, పొట్టి నాలుక చకచకా ఆడి తారస్థాయిలో పలుకుతుంది. ఏ నాలుక దగ్గరికి గాలి వెళ్లాలో చెప్పే తలుపులే మెట్లు. మెట్టు నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది.

ఈ కిటుకు చాలా పాతది. చైనాలో వెదురు గొట్టాలను గుత్తిగా కట్టి నోటితో ఊదే షెంగ్ వాయిద్యంలో వేల ఏళ్లుగా ఇలాంటి నాలుకలే పలుకుతున్నాయి. యూరప్‌లో ఈ ఆలోచన చాలా ఆలస్యంగా ఊపందుకుంది. 1829లో వియన్నా నగరంలో సిరిల్ డెమియన్ అనే వాయిద్యాల తయారీదారు, కొడుకులతో కలిసి, చేత్తో లాగి వాయించే ఒక చిన్న పెట్టెకు పేటెంట్ తీసుకున్నాడు. బొత్తాం నొక్కితే కొన్ని స్వరాలు కలిసి పలికేవి. అలా కలిసి పలికే స్వరాల మాట మీదే దానికి అకార్డియన్ అని పేరు పెట్టాడు. 1863లో ఇటలీలోని కాస్టెల్‌ఫిదార్దో అనే చిన్న ఊళ్లో పావ్‌లో సోప్రానీ ఈ పెట్టెల తయారీ మొదలుపెడితే, ఆ ఊరు ఊరంతా అదే పనిలోకి దిగింది. సారపాక అంటే కాగితం గుర్తొచ్చినట్టు, కాస్టెల్‌ఫిదార్దో అంటే ఇప్పటికీ అకార్డియనే గుర్తొస్తుంది.

మన ఇంటి చుట్టం హార్మోనియం

తెలుగు నేల మీద అకార్డియన్ పెద్దగా వేళ్లూనుకోలేదు. సినిమాల పుణ్యమా అని దాని గొంతు మాత్రం అందరికీ తెలుసు. 1964లో వచ్చిన హిందీ సినిమా ‘సంగమ్’లో రాజ్‌కపూర్ మెడలో అకార్డియన్ వేసుకుని పాడిన దృశ్యం చూసినవాళ్లు మరిచిపోరు. బొంబాయి సినిమా పాటల వెనక గూడీ సీర్వాయ్, ఈనాక్ డేనియల్స్ లాంటి వాళ్లు ఈ పెట్టెతో చేసిన పని సినీ సంగీతాన్ని ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

కానీ అకార్డియన్‌కు అన్నదమ్ముల వరసయ్యే వాయిద్యం మన ఊళ్లలో వీధివీధినా ఉంది. అదే హార్మోనియం. దానిలోనూ లోహపు నాలుకలే, దానికీ తిత్తే, నల్లవి తెల్లవి అవే మెట్లు. 1840ల ప్రారంభంలో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ చేసిన హార్మోనియం కాళ్లతో తొక్కి వాయించేది, కుర్చీ వేసుకుని కూర్చోవలసినది. 19వ శతాబ్దం చివర్లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని కుదించి, తిత్తిని వెనక్కు మార్చి, నేల మీద మఠం వేసుకుని కూర్చున్నవాళ్లు ఎడమచేత్తో ఊదుతూ కుడిచేత్తో వాయించేలా మలిచాడు. అక్కడినుంచి ఆ పెట్టె దేశమంతా పాకింది.

తెలుగువాళ్లు దాన్ని రంగస్థలం మీదికి ఎక్కించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సురభి నాటక సమాజం నుంచి ఊరూరా ఆడే పద్యనాటకాల దాకా హార్మోనియం లేని నాటకం లేదు. పద్యం ఎత్తుకునే ముందు శ్రుతి ఇచ్చేది ఆ పెట్టే. నటుడు రాగం సాగదీస్తుంటే వెన్నంటి పోయేదీ అదే. ఇక భద్రాచలం చుట్టుపక్కల భజనల మాట చెప్పనక్కర్లేదు. పదిహేడో శతాబ్దంలో పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉండి రాముడికి గుడి కట్టించిన కంచర్ల గోపన్న, గోల్కొండ చెరసాల తర్వాత జనం నోట రామదాసుగా నిలిచిపోయాడు. ఆయన కీర్తనలు హార్మోనియం మీద, తాళాల మీద, తబలా మీద వింటూ పెరిగే పిల్లల చెవిలో సగం పాఠం ముందే ఉంటుంది.

అందుకే సారపాక లాంటి చోట అకార్డియన్ నేర్పాలనుకునే అమ్మానాన్నలు గురువు దొరకలేదని బెంగపడక్కర్లేదు. తెలుగునాట అకార్డియన్ మాస్టార్లు అరుదే. కానీ భజన బృందంలో హార్మోనియం వాయించే పెద్దాయన ఒకరు దగ్గరలో ఉంటే చాలు, కుడిచేతి పాఠం ఆయన చెప్పగలడు. మెట్లు అవే, స్వరాలు అవే. మిగిలేది ఎడమచెయ్యి. చిక్కంతా అక్కడే ఉంది.

ఊపిరి దాచుకోని పెట్టె

హార్మోనియం లోపల రెండో తిత్తి ఒకటి దాగి ఉంటుంది. బయటి తిత్తిని ఊదిన గాలి ముందు అందులో నిండుతుంది, అక్కడినుంచి రీడ్ల దగ్గరికి నిలకడగా పోతుంది. వాయించేవాడి ఎడమచెయ్యి క్షణం ఆగినా, తడబడినా ఆ దాచిన గాలి కాపాడుతుంది. అకార్డియన్‌కు అలాంటి నిల్వ లేదు. చెయ్యి ఎంత బలంగా కదిలితే అంత గాలి, అంతే శబ్దం. చెయ్యి వణికితే స్వరం వణుకుతుంది. చెయ్యి ఆగితే పాట ఆగిపోతుంది.

పిల్లలకు ఇది కష్టమే. కానీ ఇదే దాని అందం కూడా. చిన్నగా లాగితే గుసగుస, గట్టిగా లాగితే కేక. పాట మధ్యలో ఒక మాటను మెల్లగా అని మరో మాటను నొక్కి చెప్పడం, గాయకుడు గొంతుతో చేసే పని, ఇక్కడ ఎడమచెయ్యి చేస్తుంది. అకార్డియన్‌లో ప్రతి పలక మీద రెండు నాలుకలుంటాయి. ఒకటి తిత్తి తెరిచేటప్పుడు, మరొకటి మూసేటప్పుడు పలుకుతుంది. పియానో మెట్లున్న అకార్డియన్‌లో ఆ రెండూ ఒకే స్వరం, కాబట్టి లాగినా నెట్టినా తేడా రాదు. బొత్తాలతో ఉండే చిన్న రకాలు కొన్నింట్లో మాత్రం మౌత్ ఆర్గాన్‌లో లాగా, లాగితే ఒక స్వరం, నెడితే ఇంకో స్వరం వస్తాయి. మొదటిసారి కొనేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. హార్మోనియం మాస్టారి దగ్గర నేర్చుకోబోయే పిల్లకు పియానో మెట్ల రకమే సరైనది.

ఎంత పెట్టె, ఎంత బరువు

పెద్దవాళ్ల అకార్డియన్‌కు కుడివైపు 41 మెట్లు, ఎడమవైపు 120 బొత్తాలు ఉంటాయి. బరువు పది కిలోల దాకా వస్తుంది. ఏడేళ్ల పిల్లకు అది మోపలేని మూట. పిల్లల కోసం 22 మెట్లు, 8 బొత్తాలతో రెండు రెండున్నర కిలోల పెట్టెలు ఉన్నాయి. కాస్త ఎదిగిన పిల్లలకు 26 మెట్లు, 12 బొత్తాలవి. ఏడు మెట్లు, రెండు బొత్తాలతో బొమ్మల అంగళ్లలో దొరికేది ఆటవస్తువు. తిత్తి కదలిక నేర్పడానికి పనికొస్తుంది కానీ, దానికి నల్లమెట్లుండవు కాబట్టి రాగాల దాకా పోలేం.

పాత పెట్టె కొనేటప్పుడు చిన్న పరీక్ష ఒకటుంది. తిత్తికి ఉన్న పట్టీలు విప్పి, ఏ మెట్టూ నొక్కకుండా, పైభాగం పట్టుకుని కింది భాగాన్ని వేలాడనివ్వాలి. తన బరువుకు అది నత్తలా జారితే తిత్తి బాగున్నట్టు. జర్రున కిందికి దిగిపోతే ఎక్కడో గాలి కారుతోంది. తర్వాత ఒక్కో మెట్టునూ రెండుసార్లు, తెరుస్తూ ఒకసారి, మూస్తూ ఒకసారి పలికించి చూడాలి. ఒక వైపు పలికి మరో వైపు మూగబోతే ఆ నాలుకకు పని పడిందన్నమాట. చివరగా తిత్తి దగ్గర ముక్కు పెట్టి వాసన చూడాలి. ముక్కవాసన వస్తే లోపల చెమ్మ చేరినట్టే.

మొదటి వారం పాట లేదు

నేర్పే మొదటిరోజు చెయ్యవలసింది సరైన కుర్చీ వెతకడం. చేతులానించే రకం కుర్చీ పనికిరాదు, తిత్తి తెరుచుకోవడానికి అడ్డం వస్తుంది. పిల్ల పాదాలు రెండూ నేలకు ఆనాలి. అందకపోతే కింద పీట వెయ్యాలి. పెట్టె బరువు భుజాల మీద వేలాడకుండా తొడల మీద కూర్చోవాలి. మెట్ల పలక కింది కొస కుడితొడ లోపలి వైపు ఆనుతుంది, తిత్తి ఎడమతొడ మీద జరుగుతుంది. భుజం పట్టీలు వదులైతే పెట్టె ముందుకు ఊగుతుంది, తిత్తి లాగినప్పుడల్లా పిల్ల కూడా దానితోపాటు ఒరిగిపోతుంది. ఎడమచెయ్యి తన పట్టీలో దూరాక అరచేయి పెట్టెకు ఆని ఉండాలి.

ఇప్పుడు ఎడమవైపున ఒంటరిగా ఉండే గాలి బొత్తాన్ని పిల్లకు చూపించాలి. అది నొక్కితే శబ్దం రాకుండా గాలి మాత్రం లోపలికీ బయటికీ ఆడుతుంది. బొత్తాం నొక్కి తిత్తిని మెల్లగా తెరిచినప్పుడు పెట్టె హుస్సుమని ఊపిరి తీస్తుంది. మూస్తే వదులుతుంది. పిల్లలకు ఈ చప్పుడు భలే నచ్చుతుంది. “పెట్టె నిద్రపోతోంది, నీ ఊపిరి, దాని ఊపిరి ఒకేసారి నడవాలి” అని చెబితే చాలు, పాఠమని తెలియకుండానే చెయ్యి కుదురుకుంటుంది. ఒక ఊపిరికి తెరవడం, ఒక ఊపిరికి మూయడం. తొందర లేదు.

తిత్తిని అడ్డంగా రెండు వైపులా ఒకేలా లాగకూడదు. పైభాగం ఎక్కువ తెరుచుకోవాలి, కిందిభాగం దాదాపు కలిసే ఉండాలి, మడత విసనకర్ర విప్పినట్టు. అప్పుడు ఎడమచేతి బరువే సగం పని చేస్తుంది, పిల్ల అలిసిపోదు. ఒక్క మాట మాత్రం మొదటిరోజే గట్టిగా చెప్పాలి. మెట్టో బొత్తామో నొక్కకుండా తిత్తిని బలవంతంగా లాగకూడదు, నెట్టకూడదు. గాలికి దారి లేకుండా లాగితే తిత్తి అతుకులు దెబ్బతింటాయి.

రెండు మూడు రోజులకు ఒకే ఒక్క మెట్టు. ఆది తాళం ఎనిమిది అక్షరాలు మాస్టారు తొడ మీద వేస్తుంటే, పిల్ల ఒక ఆవర్తనం తెరుస్తూ, మరో ఆవర్తనం మూస్తూ ఆ స్వరాన్ని నిలపాలి. మొదటి అక్షరం దగ్గర ఎంత శబ్దముందో ఎనిమిదో అక్షరం దగ్గర కూడా అంతే ఉండాలి. మొదట్లో నాలుగో దెబ్బకే తిత్తి అయిపోతుంది. “మెల్లగా తల్లీ, దాచుకో” అంటే, తర్వాతిసారి ఆరు దాకా వస్తుంది. గాలిని పొదుపుగా వాడుకోవడం చెయ్యికి తెలిసిన రోజున వారం పాఠం పూర్తయినట్టే. గాయకులు మాట మధ్యలో ఊపిరి తీసుకోరు. తిత్తి దిశ మార్చడం కూడా అంతే, స్వరం మధ్యలో కాకుండా తాళం దగ్గరో, మాట చివరో మార్చాలి. పాట నేర్వకముందే ఈ అలవాటు పడితే తర్వాత దిద్దే పని ఉండదు.

నల్లమెట్ల మీద మోహన

తర్వాత వేళ్లు. ఇక్కడ పిల్లలకు రెండు వింతలు ఎదురవుతాయి. మెట్లు ఎదురుగా కనిపించవు, పెట్టె గుండెకు ఆని ఉంటుంది కాబట్టి మెడ వంచి చూస్తే తప్ప కళ్లకు దొరకవు. రెండోది, గడ్డం దగ్గరున్నవి మంద్ర స్వరాలు, నేలవైపు పోయేకొద్దీ తారస్వరాలు. అంటే చెయ్యి కిందికి దిగుతుంటే స్వరం పైకెక్కుతుంది. చూడాలన్న ఆశ వదులుకుని తడిమి తెలుసుకోవడమే దీనికి మార్గం. నల్లమెట్లు రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి. కళ్లు మూసుకుని “రెండు ఎక్కడ, మూడు ఎక్కడ” అని వేళ్లతో వెతికే ఆట ఒకరోజు ఆడిస్తే, మెట్ల మీద అక్షరాల స్టిక్కర్లు అంటించే అవసరమే రాదు.

ఈ నల్లమెట్లలో మన పిల్లల కోసం ఒక కానుక దాగి ఉంది. మూడు నల్లమెట్ల గుంపులో మొదటిదాన్ని షడ్జం అనుకుంటే, ఆ మూడూ స, రి, గ. తర్వాత వచ్చే రెండు నల్లమెట్లూ ప, ద. ఆపైన మళ్లీ మూడింటి గుంపులో మొదటిది పై షడ్జం. అంటే తెల్లమెట్టు ఒక్కటీ తాకకుండా నల్లమెట్లనే వరసగా నొక్కుకుంటూ పోతే మోహన రాగం పలుకుతుంది. మన లెక్కలో అది నాలుగున్నర శ్రుతి. ఆ అయిదు మెట్ల మీద వేళ్లు ఎలా తిరిగినా అపస్వరం పడదు. వారం రోజులు ఊపిరి పాఠంతో గడిపిన పిల్లకు, తన చేతిలోంచి ఒక్కసారిగా రాగం రావడం పెద్ద బహుమానం. సంగీతం నేర్చుకునే తెలుగు పిల్లలు మొదట్లో నేర్చుకునే గీతాల్లో ఒకటైన వరవీణ మోహనలోనే ఉంది.

మోహన కుదిరాక తెల్లమెట్ల మీదికి రావాలి. రెండు నల్లమెట్ల గుంపుకు గడ్డంవైపు ఆనుకుని ఉన్న తెల్లమెట్టు ఒకటి శ్రుతి. అక్కడ షడ్జం పెట్టుకుని తెల్లమెట్లు వరసగా వాయిస్తే శంకరాభరణం. అందులోనే రిషభానికీ ధైవతానికీ తెల్లమెట్లు వదిలి, వాటికి ముందున్న నల్లమెట్లు నొక్కితే మాయామాళవగౌళ. పురందరదాసు (1484–1564) సంగీతం నేర్చుకునేవాళ్ల కోసం సరళీ స్వరాలను ఆ రాగంలోనే కూర్చాడని చెబుతారు. రెండే మెట్లు మార్చగానే రాగం మారిపోవడం, పాట రంగే మారిపోవడం పిల్ల చెవితోనూ వేలితోనూ ఒకేసారి తెలుసుకుంటుంది. పుస్తకంలో పది పేజీలు చదివినా ఇంత స్పష్టంగా తెలియదు.

శంకరాభరణం కుదిరిన పిల్లకు ముత్తుస్వామి దీక్షితార్ నొట్టుస్వరాలు చక్కగా నప్పుతాయి. ఆంగ్లేయుల కాలపు బ్యాండు బాణీలు విని, ఆ వరసలకు దీక్షితార్ సంస్కృత సాహిత్యం కూర్చాడు. అలాంటివి సుమారు నలభై ఉన్నాయి. గమకాలు లేని తిన్నని నడక కాబట్టి మెట్ల వాయిద్యం మీద కొట్టినట్టు పలుకుతాయి. ఇవి పడమటి బాణీలే కాబట్టి పడమటి పెట్టెకు పరాయివి కావు, మాట మనది కాబట్టి పిల్లకూ పరాయివి కావు.

ఎడమచేతి బొత్తాల్లో తంబురా

ఎనిమిది బొత్తాల పెట్టెలో సాధారణంగా ఒక వరసలో విడి మంద్రస్వరాలు, మరో వరసలో మూడేసి స్వరాలు కలిసి పలికే బొత్తాలు ఉంటాయి. విడిస్వరాల వరసలో ఏ బొత్తాన్నైనా షడ్జం అనుకుంటే, గడ్డంవైపున్న పక్క బొత్తాం దానికి పంచమం అవుతుంది. పడమటి సంగీతానికి పనికొచ్చేలా పెట్టిన ఈ అమరిక మన పిల్లకు మరోలా అక్కరకొస్తుంది. ఆ రెండు బొత్తాలూ మెల్లగా పట్టుకుంటే స, ప కలిసి శ్రుతి పెట్టెలా మోగుతాయి. ఆ శ్రుతి మీద కుడిచెయ్యి స్వరాలు నడుస్తాయి. ఒకటి శ్రుతి బొత్తానికి చిన్న గుంట గానీ, గరుకు గుర్తు గానీ ఉంటుంది, చూడకుండానే వేలికి తగులుతుంది. అయితే మంద్రస్వరాలు గాలిని గటగటా తాగేస్తాయి. అందుకే మొదటి నెలంతా కుడిచెయ్యే వాయించి, ఎడమచేతి బొత్తాలను రెండో నెలకు వాయిదా వెయ్యడం మంచిది.

గమకం ఎక్కడ?

పెట్టె చేయలేని పని ఒకటుందని అమ్మానాన్నలకు ముందే తెలియాలి. వీణ తీగను లాగినట్టు, గొంతును జార్చినట్టు, అకార్డియన్ రెండు స్వరాల మధ్య ఉన్న చోటును పలకలేదు. మెట్టుకు మెట్టుకు మధ్య ఏమీ ఉండదు. హార్మోనియం మీద ఇదే నింద వచ్చింది. దాని స్థిరస్వరాలు మన సంగీతానికి నప్పవని రవీంద్రనాథ్ టాగూర్ లాంటి పెద్దలు గట్టిగా అన్నారు. 1940లో ఆల్ ఇండియా రేడియో హార్మోనియాన్ని స్టూడియోల్లోంచి బయటికి పంపేసింది. ఆ నిషేధం మూడు దశాబ్దాలు నడిచి, 1971లో కొన్ని షరతులతో సడలింది. ఆ ముప్పయ్యేళ్లూ మన భజన మందిరాల్లో, నాటకాల పందిళ్లలో హార్మోనియం ఒక్కరోజూ ఆగలేదు.

ఆ నిందలో నిజముంది. దానికి విరుగుడు కూడా మన భజనల్లోనే ఉంది. హార్మోనియం వాయించేవాడు అక్కడ నోరు మూసుకుని వాయించడు, పాడుతూ వాయిస్తాడు. మెట్లు దారి చూపిస్తాయి, గమకం గొంతులోంచి వస్తుంది. పిల్ల కూడా మొదటి పాట నుంచే పాడుతూ వాయించాలి. స్వరం ముందు నోటితో అని, తర్వాత మెట్టు నొక్కాలి. అలా చేస్తే చెవి మెట్టుకు బానిస కాదు. రామదాసు కీర్తనల్లో పల్లవులు చిన్నవి, మళ్లీ మళ్లీ వచ్చేవి, ఊరంతా కలిసి పాడుకునేవి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు వాటిని ఇంటింటికీ చేర్చింది. పిల్ల ఆ పల్లవిని పాడుకుంటూ మెట్లు వెతుక్కుంటే నాలుగు రోజుల్లో దొరుకుతుంది. ఏ స్వరమో చెప్పకుండా వెతకనివ్వడమే గురువు చేయగల మేలు.

వినికిడితో నేర్చుకునే దారి ఈ అడవి అంచుకు కొత్త కాదు. సారపాకకు ఎగువన, మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను, కోయల వంశగాథలను కంచుమేళం మీద గుర్తుతోనే పాడేవాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశాడు. తరాల కథ ఆయన దగ్గరికి పెద్దల నోటినుంచే వచ్చింది. ఇలాంటి నేల మీద పెరిగే పిల్లకు స్వరలిపి పుస్తకం ఆలస్యమైనా నష్టం లేదు. చెవి ముందు తెరుచుకుంటే చాలు.

రోజుకు పావుగంట

ఏడేళ్ల పిల్లకు రోజూ పది పదిహేను నిమిషాల సాధన సరిపోతుంది. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి మిగతా వారమంతా మూలన పెట్టడం కంటే ఇదే మేలు. భుజం నొప్పి అన్నా, మణికట్టు లాగుతోందన్నా వెంటనే ఆపి పట్టీలు సరిచూడాలి. పిల్లలు ఎదుగుతుంటారు కాబట్టి పట్టీల పొడవు రెండు మూడు నెలలకోసారి చూసుకోవాలి. బంధువులు రాగానే “ఏదీ, వాయించు” అని పిలవడం మానాలి. పాట పూర్తిగా కుదిరాక, పిల్లే వాయిస్తానంటే వినడం వేరు. రాని పాటను పదిమంది ముందు వాయించమనడం వేరు.

ఇక పెట్టె ఆరోగ్యం. చాలా అకార్డియన్లలో రీడ్లను తేనెమైనం, గుగ్గిలం కలిపిన ముద్దతో అతికిస్తారు. భద్రాచలం, కొత్తగూడెం ఎండల సంగతి అందరికీ తెలిసిందే. మేనెలలో మూసిన కారులోనో, రేకుల గదిలో కిటికీ పక్కనో పెట్టె వదిలేస్తే మైనం మెత్తబడి రీడ్లు జరిగిపోతాయి. చల్లటి గదిలో, నిలువుగా, గుడ్డ కప్పి ఉంచాలి. వానాకాలంలో చెమ్మ మరో శత్రువు. ఉక్కు నాలుక తుప్పు పడుతుంది, తోలు ముక్క వంకరపోతుంది, అట్ట మెత్తబడుతుంది. కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలను పారెయ్యకుండా అకార్డియన్ పెట్టెలో వేసుకోవచ్చు. ఎలుకలకు అట్టా తోలూ రెండూ ఇష్టమే, కాబట్టి మూత బిగువుగా ఉండాలి.

గోదావరి ఒడ్డున ఉండేవాళ్లకు ఇంకో జాగ్రత్త కూడా అవసరం. భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. ఆ జులైలో సారపాక వీధుల్లోకీ నీళ్లొచ్చాయి. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గర ఇస్తారు. ఇళ్లలో బియ్యం, పుస్తకాలు, కాగితాలు అటకెక్కించే ఆ రోజున పెట్టెను కూడా వాటితో పాటే పైకి చేర్చాలి. నీట మునిగిన అట్ట తిత్తి మళ్లీ గాలి పట్టదు.

సాధన అయ్యాక చివరి పని ఒకటుంది, దాన్ని కూడా పిల్ల చేతే చేయించాలి. తెరిచి ఉన్న తిత్తిని అలాగే నేల మీద పెట్టెయ్యకూడదు. ఎడమ బొటనవేలితో గాలి బొత్తాం నొక్కి, తొందర లేకుండా మడతలన్నీ దగ్గరికి చేర్చాలి. మొదటిరోజు విన్న ఊపిరి చప్పుడే మళ్లీ వినిపిస్తుంది, ఈసారి పొడవుగా, సన్నగా. మడతలు పూర్తిగా కలిశాక పైపట్టీ బిగించాలి, తర్వాత కిందిపట్టీ. భుజాల పట్టీల్లోంచి ముందు ఎడమచెయ్యి, తర్వాత కుడిచెయ్యి బయటికి వస్తాయి. పిల్ల లేచి, రెండు చేతులతో పెట్టెను పొదివి పట్టుకుని బల్ల మీద నిలువుగా పెట్టి, అమ్మ పాత చీర ముక్క తెచ్చి పైన కప్పుతుంది.